లిస్టులో వెనక రాసిన పేరు

మన దేశం ఫుట్‌బాల్ జట్టులో గోల్ కొట్టే స్ట్రైకర్ లేడు అని ఎవరైనా అంటే నాకు ఇప్పుడు ఒళ్లు మండిపోతుంది. ఒకప్పుడు ఆ మాట అందరికన్నా గట్టిగా అరిచినవాణ్ని నేనే. బోధన్ బస్టాండ్ వెనక ఒక హోటల్లో, గోడకు బిగించిన టీవీ కింద కూర్చుని, చాయ్ గ్లాసు బల్ల మీద కొట్టి మరీ అరిచేవాణ్ని.

నాది మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి కొత్త రాగి తీగ చుట్టి ఇస్తాను. పగలంతా ఆ పనే. ఆరు కాగానే షట్టర్ దించి హోటల్‌కి పోతాను. అక్కడ మేం ముగ్గురం ఒక బల్ల దగ్గర చేరితే, దేశం జట్టుకి కోచ్‌గా ఉన్నవాడికి ఆట గురించి ఏమీ తెలియదని చూసేవాళ్లకి నమ్మకం కలిగేది. హోటల్ యజమానిని ఊరంతా చాచా అంటుంది. తాతల నాటి నుంచీ వాళ్లది ఈ ఊరే. ఇరవై ఏళ్లు టౌన్ టీమ్‌కి గోల్‌కీపర్‌గా నిలబడ్డ మనిషి, ఎడమ చేతి చిటికెన వేలు ఇప్పటికీ వంకరగా ఉంటుంది. ఇంకొకాయన కాలువ కింద భూమున్న రైతు. వాళ్ల తాత కోస్తా నుంచి వచ్చి ఇక్కడ చెరుకు వేశాడు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈయన చెరుకు మానేసి వరికి దిగాడు. పుట్టింది ఇక్కడే అయినా మాట చివర 'అండి' మాత్రం పోలేదు. టీమ్‌కి బట్టలు, బంతులు అన్నీ ఆయనే కొనిస్తాడు కాబట్టి ఆయన మాటకి బరువెక్కువ.

మా వాదన ఎప్పుడూ ఒకే దారిన నడిచేది. జట్టు బాగుపడింది అనేవాడు చాచా. ఒకప్పుడు బంతి వస్తే కంగారుపడి ఎటో ఒకవైపు తన్నేసేవాళ్లు, ఇప్పుడు కాళ్ల దగ్గర పెట్టుకుని నాలుగు పాసులు ఇస్తున్నారు, డిఫెన్స్ నిలబడుతోంది, అది తక్కువ సంగతేం కాదు అనేవాడు. రైతుకి ఆ మాట ఎక్కేది కాదు. నాలుగు కాదు నలభై పాసులిచ్చినా చివర గోల్ కొట్టేవాడు ఏడండీ, వయసు మళ్లిన ఒక్క మనిషి మీద ఇంత దేశం ఇంకా ఆశ పెట్టుకుని కూర్చుంటే సిగ్గుగా లేదా అండీ అనేవాడు. అప్పుడు నేను అందుకునేవాణ్ని. తప్పు పిల్లలది కాదు, క్లబ్బులది అనేవాణ్ని. బయటి నుంచి ఒకణ్ని తెచ్చి ముందు నిలబెడతారు, మనవాణ్ని పక్కకో వెనక్కో నెడతారు, ఏడాదంతా గోల్ ముందు నిలబడనివాడు దేశం కోసం ఆడే ఆ ఒక్క రోజు గోల్ ఎలా కొడతాడు అని నిలదీసేవాణ్ని. పక్క బల్లల వాళ్లు కూడా తలలూపేవాళ్లు. ఆ తల ఊపడం చూస్తే నాకు ఎంత గర్వమో చెప్పలేను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా టీమ్‌కి లిస్టు రాసేవాణ్ని కూడా నేనే.

లిస్టు విషయంలో మాకో పద్ధతి ఉంది. చలికాలంలో జరిగే టోర్నమెంట్‌లో ప్రతి మ్యాచ్‌కి ముందు రోజు సాయంత్రం, నోటుబుక్కు కాగితం మీద పదకొండు పేర్లు రాసి హోటల్లో చక్కెర డబ్బా కింద పెడతాం. ఆటగాళ్లు ఒక్కొక్కరే వస్తారు, చాయ్ తాగుతారు, డబ్బా ఎత్తి తమ పేరు ఏ వరుసలో ఉందో చూసుకుని పోతారు. ఎవరికీ మొహం మీద చెప్పే పని లేదు. ఎందుకిలా అని అడిగే ఆనవాయితీ కూడా లేదు. ఇది మా పెద్దల నాటి మర్యాద అని చెప్పుకుంటాం. ఇప్పుడాలోచిస్తే, రాసేవాడి పిరికితనం దాచుకోవడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు.

ఆ లిస్టులో ముందు వరుసలో ఉండాల్సిన పేరు మా బామ్మర్దిది. నా భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. వాళ్లది నందిపేట్ దగ్గర పల్లె, పని కోత మిషన్ డ్రైవర్. సన్నగా, నిదానంగా, నిద్రలోంచి లేచి వచ్చినట్టు కనిపిస్తాడు. కానీ గోల్ ముందు బంతి పడితే అందరూ తొందరపడే చోట వాడు అర క్షణం ఆగుతాడు. కీపర్ ఒకవైపు ఒరిగాక, రెండోవైపు మెల్లగా పెడతాడు. గట్టిగా కొట్టడం వాడికి రాదు, అవసరమూ పడేది కాదు. నేనూ కుర్రతనంలో ఫార్వర్డ్‌గానే ఆడాను కాబట్టి వాడు నన్ను వదిలిపెట్టేవాడు కాదు. మోటారుకి తీగ చుట్టినట్టు బంతి చుట్టూ తిరిగేటోడివట గదా బావ, గోల్ ఏనాడన్నా చూసినవా అని పదిమందిలో ఆటపట్టించేవాడు. నేనూ ఊరుకునేవాణ్ని కాదు.

నాలుగేళ్ల కిందట సెమీఫైనల్లో నిజామాబాద్ టీమ్ చేతిలో ఓడిపోయాం. వాళ్లు హైదరాబాద్ నుంచి ఇద్దరు గెస్టులను తెచ్చుకున్నారు. మా దగ్గర బయటి నుంచి పిలిపించుకున్న ఆటగాణ్ని గెస్ట్ అంటారు, టీమ్‌కి ఇద్దరి దాకా ఒప్పుకుంటారు. మరుసటి ఏడు రైతు తనూ ఒకణ్ని తెస్తానన్నాడు. హైదరాబాద్‌లో చదువుకుంటున్న విదేశీ విద్యార్థి, ఫార్వర్డ్. పొడగరి, వేగం ఉన్నవాడు, మర్యాదస్తుడు. అతనిలో ఏ తప్పూ లేదు. చాచా ఒక్కడే వద్దన్నాడు. నేను ఒప్పుకున్నాను.

ఎందుకు ఒప్పుకున్నానో దాచను. కప్పు మీద ఆశ ఒకటి. అంతకన్నా పెద్దది భయం. బామ్మర్దిని ముందు పెట్టి మ్యాచ్ ఓడితే ఊళ్లో ఏమంటారు? లిస్టు చేతిలో ఉంది కదా అని పెళ్లాం తమ్ముణ్ని ఎక్కించాడంటారు. ఆ మాట పడటం ఇష్టం లేక వాడి పేరు వెనక కాపు కాసే రైట్ బ్యాక్ దగ్గర రాశాను. ముందు వరుసలో గెస్ట్ పేరు రాసి, కాగితం మడిచి చక్కెర డబ్బా కింద పెట్టి, వాడు వచ్చేలోపే ఇంటికి పోయాను. వాడు మరునాడు వచ్చి వెనకే నిలబడ్డాడు. ఆ ఏడు ఆడాడు, ఆ పై ఏడూ ఆడాడు, వెనకే. ఒకసారి ఆట ముగిశాక ఆ గెస్టే నా దగ్గరికొచ్చి, మీ రైట్ బ్యాక్ అసలు ఫార్వర్డ్, నా పక్కన ఆడించండి, ఇద్దరం కలిసి కొడతాం అని హిందీలో చెప్పాడు. బయటి దేశం నుంచి వచ్చినవాడికి రెండు మ్యాచ్‌లలో కనబడింది. నేను నవ్వి అతని భుజం తట్టి పంపేశాను.

అలా కాగితం మీద ఒక మనిషిని వెనక్కి నెడుతూ, బల్ల దగ్గర క్లబ్బులను తిడుతూ ఉన్నాను. రెండూ ఒకే హోటల్లో, ఒకే కుర్చీలో కూర్చుని చేశాను. నాకు ఒక్క రోజు కూడా అనుమానం రాలేదు.

పోయిన చలికాలం మూడో ఏడు. మళ్లీ అదే గెస్ట్, ఈసారి ఫైనల్, ఎదురుగా మళ్లీ నిజామాబాద్. ఫైనల్‌కి రెండు రోజుల ముందు చాచా నన్ను వంటగదిలోకి పిలిచి ఒక సంగతి చెప్పాడు. రాష్ట్ర జట్టు క్యాంపుకి ఆటగాళ్లను చూసే కోచ్ ఒకాయన డిచ్‌పల్లి యూనివర్సిటీలో ఏవో పోటీలకి వచ్చాడు. చాచాకి ఆడే రోజుల నుంచి పరిచయం. మా ఫైనల్ చూడటానికి వస్తానన్నాడు. ఆయనకి కావాల్సింది ఫార్వర్డులే.

"నేను ఇరవై ఏండ్లు గోల్‌ల నిలబడ్డ. మీదికి ఉరికొచ్చేటోళ్ల కండ్లు సూసిన" అన్నాడు చాచా. "నీ బామ్మర్ది కండ్లల్ల తొందర లేదు, భయం లేదు. గసుంటోణ్ని మల్ల నేను సూడలే. ఈ ఒక్కపారి వాణ్ని ముంగటికి ఇడిసిపెట్టు."

వాడికి అప్పటికే క్యాంపు వయసు దాటిపోతోంది. ఇంకో ఏడాది ఆగితే పిలిచేవాళ్లుండరు. ఈ సంగతి నాకు తెలుసు, వాడికీ తెలుసు. ఆ సాయంత్రం వాడు నా షాపుకి వచ్చాడు. డబ్బా ఎత్తి చూసుకుని పోయే పద్ధతి దాటి, మొదటిసారి నోరు తెరిచి అడిగాడు.

"బావ, కోచ్ వస్తుండట గదా. గీ ఒక్క మ్యాచ్ నన్ను ముంగట ఆడిపియ్యి."

"ఫస్ట్ హాఫ్ ఎన్క ఉండు. సెకండ్ హాఫ్‌ల ముంగటికి పంపుత" అన్నాను. "నా మాట."

ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనక గ్రౌండ్‌లో ఆట. ఫ్యాక్టరీ నడిచిన కాలంలో ఆ గ్రౌండ్ చుట్టూ నిలబడటానికి చోటు దొరికేది కాదని చాచా చెప్తాడు. ఆ రోజు మళ్లీ అంత జనం వచ్చారు. కోచ్ తెల్ల టోపీ పెట్టుకుని, చాచా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మొదటి సగంలోనే గెస్ట్ గోల్ కొట్టాడు. సగం ఆట అయ్యేసరికి ఒకటి సున్నాతో మేం ముందున్నాం.

అక్కడే నా మాట తప్పాను. రైతు వచ్చి చెవిలో, ఇప్పుడేమీ కదిలించొద్దండి, ఇలాగే కాపాడుకుంటే కప్పు మనదేనండి అన్నాడు. ఆయన అన్నాడు సరే, నా బుద్ధి ఏమైంది? మా బామ్మర్ది నీళ్ల సీసా పట్టుకుని నా మొహంలోకి చూశాడు. నేను బూటు లేసు కట్టుకుంటున్నట్టు కిందికి వంగాను. అసలు ఆ రోజు నేను వేసుకున్నవి చెప్పులు.

రెండో సగంలో ఒకసారి నిజామాబాద్ వాళ్లంతా మా వైపు వచ్చేశారు. బంతి చేజారి మా బామ్మర్ది కాళ్ల దగ్గర పడింది. ముందంతా ఖాళీ. వాడు బంతితో పరుగు తీశాడు. ఇద్దరిని దాటేశాడు. ఇక గోల్‌కీపర్ ఒక్కడే. కోచ్ కుర్చీలోంచి లేవడం నాకు కంటి చివర కనిపించింది. సరిగ్గా అప్పుడు నేను గీత పక్కన నిలబడి, గొంతు పగిలేలా అరిచాను.

"ఎన్కకి రా!"

ఎందుకు అరిచానో అడిగితే ఇప్పటికీ నా దగ్గర ఉన్నది ఒకటే జవాబు. బంతి పోతుందేమో, వెనక ఎవరూ లేరే, వాళ్లు గోల్ వేస్తారేమో, కప్పు పోతుందేమో అన్న భయం. వాడు ఆగాడు. తల తిప్పి నన్ను చూశాడు. బంతిని వెనక్కి పాస్ చేసి, తన చోటుకి తిరిగి నడిచి వచ్చాడు. కోచ్ కూర్చున్నాడు.

కప్పు గెలిచాం. డప్పులు, టపాకాయలు, మెడలో దండలు. ఆ గోలలో కోచ్ నా దగ్గరికొచ్చి చెయ్యి కలిపి, లిస్టు రాసేది మీరేనట కదా అన్నాడు. మీ ఫార్వర్డ్ బాగా ఆడాడు కానీ ఆ విదేశీ కుర్రాణ్ని నేను తీసుకోలేను కదా, ఇక్కడి పిల్లల్లో ముందు ఆడేవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాడు.

రైతు నా పక్కనే ఉన్నాడు. ఒక పేరు చెప్పడానికి నాకు ఎంతసేపు పట్టాలి? కానీ చెప్తే వెంటనే వచ్చే ప్రశ్న కూడా నాకు కనబడింది. ఫార్వర్డ్ అయితే రైట్ బ్యాక్‌లో ఎందుకు పెట్టావయ్యా అంటాడు. వాడు మీకేమవుతాడు అంటాడు. ఇంతమందిలో మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

"లోకల్ల ఎవలు లేరు సార్" అన్నాను. "గందుకే గెస్ట్‌ను తెచ్చుకున్నం."

ఆయన సరేనని తలూపి వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగితే మూడు అడుగుల దూరంలో మా బామ్మర్ది నేల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. తల ఎత్తలేదు. బూట్లు సంచిలో వేసుకుని, ఊరేగింపుకి ఆగకుండా బండెక్కి పోయాడు. మరుసటి వారమే కోత మిషన్ తోలుకుని కర్ణాటక వైపు వెళ్లాడని తెలిసింది.

కప్పు ఆ రాత్రికి మా ఇంట్లో ఉంచమని నాకే ఇచ్చారు. నా భార్యకి అప్పటికే అన్నీ తెలిసిపోయాయి. కప్పుని కన్నెత్తి కూడా చూడలేదు. అన్నం పెట్టి, నేను తినడం అయ్యేదాకా ఆగి, అప్పుడు అడిగింది.

"నా తమ్ముడని పెట్టమని ఎన్నడన్న అన్ననా? ఆట ఒచ్చినోడని పెట్టొద్దా? నలుగురు ఏమంటరో అని వాణ్ని ఎన్కకి నూకినవ్. గా నలుగురు ఎవలు? ఒక్కని పేరు చెప్పు."

నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. ఒక్క పేరు కూడా దొరకలేదు.

ఈ ఏడు వానాకాలం వరి కోతల రోజుల్లో టీవీలో దేశం జట్టు ఆట వచ్చింది. మనకన్నా ఎంతో చిన్న దేశంతో ఆట. హోటల్ నిండిపోయింది. చాచా చెప్పినట్టే పాసులు బాగున్నాయి, డిఫెన్స్ బాగుంది. గోల్ ముందు మాత్రం బంతి దొరికినవాడల్లా భయపడ్డాడు. ఒకడు ఆకాశంలోకి కొట్టాడు. ఇంకొకడు తానే కొట్టాల్సింది పక్కవాడికి ఇచ్చాడు. ఆ పక్కవాడు వెనక్కి ఇచ్చాడు. చివర్లో ఎదుటివాళ్లు ఒక్క గోల్ కొట్టి పోయారు. బల్లలు గుద్దారు, తిట్లు మొదలయ్యాయి. రైతు, చూశారా అండీ, ఇంత దేశంలో ఒక్క స్ట్రైకర్ లేడు, అంతా ఆ క్లబ్బుల పాపమేనండి అన్నాడు. అది నా మాటే. నేను మూడేళ్లు నేర్పిన మాట నాకే తిరిగి వచ్చింది. ఆ ఊపులోనే ఇంకో మాట కూడా చెప్పాడు. ఈసారి టోర్నమెంట్‌కి గెస్టులు ఇద్దరట, మాట్లాడేశాడట, ఇద్దరూ ఫార్వర్డులేనట.

నాకు అప్పుడు వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. రైతు మీదా, టీవీ మీదా, నా గొంతు మీదా, చక్కెర డబ్బా మీదా అన్నింటి మీదా వచ్చింది. చేతిలో గ్లాసు పగలగొట్టాలనిపించింది. పగలగొట్టలేదు, అది చాచా గ్లాసు.

"దేశం సంగతి ఇడిసిపెట్టు అన్న" అన్నాను. "మనింట్ల ఉండె ఒకడు. అడిగినాయనకు లేడని చెప్పింది నేనే. చెప్తుంటే నువ్వు పక్కకే ఉన్నవ్."

రైతు మొహం ఎర్రబడింది. ఆయన చాచా వైపు చూశాడు. చాచా వంకర వేలితో బల్ల తుడుస్తూ నిలబడ్డాడు. నేను ఒక కాగితం అడిగి తీసుకుని ముందు వరుసలో మా బామ్మర్ది పేరు రాశాను. దాన్ని డబ్బా కింద పెట్టలేదు. కోతలకి వాడు ఊరికి తిరిగొచ్చాడని తెలుసు, అందుకే జేబులో పెట్టుకుని మరునాడు పొద్దున్నే నందిపేట్ దారి పట్టాను.

వాడు పొలంలో మిషన్ మీద ఉన్నాడు. నన్ను చూసి ఆ సాలు పూర్తయ్యాకే ఆపాడు. దిగి, సీసాలో నీళ్లతో మొహం కడుక్కుని, ఏం బావ అన్నాడు. బావ అన్నాడు కానీ ఆ పిలుపులో ఎప్పుడూ ఉండే ఎకసెక్కం లేదు. నాకది తిట్టు కన్నా ఎక్కువ తగిలింది. కాగితం తీసి ఇచ్చాను. తప్పు నాదే అన్నాను. ఈసారి గెస్ట్ ఉన్నా లేకున్నా ముందు నువ్వే అన్నాను. క్యాంపు వయసు దాటిందని ఇద్దరికీ తెలుసు, ఆ మాట ఎవరం ఎత్తలేదు. వాడు కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఐతారం మిషిన్ ఉండది. వస్త" అన్నాడు.

ఆదివారం పొద్దున ముగ్గురమే గ్రౌండ్‌లో ఉన్నాం. చాచా చెప్పులు విడిచి, లుంగీ పైకి కట్టుకుని గోల్‌లో నిలబడ్డాడు. నేను మధ్య నుంచి బంతి వేశాను. చాలా ఏళ్ల తర్వాత నా కాలు మాట విన్నది, బంతి సరిగ్గా వాడి ముందు పడింది. వాడు అందుకున్నాడు. ఎదురుగా అరవై దాటిన కీపర్ ఒక్కడే. వాడు ఆగాడు, పాత అర క్షణమే అనుకున్నాను. వాడు తల తిప్పి నన్ను చూశాడు. బంతి నాకు పాస్ చేశాడు.

మళ్లీ వేశాను. మళ్లీ అలాగే ఇచ్చాడు. మూడోసారి గోల్ దగ్గరికి ఇంకా దగ్గరగా వేశాను. కొట్టాల్సిన కాలు పైకి లేచి, ఆగి, దిగింది.

"ఏమైందిరా?" అన్నాను.

"ఏమో బావ. బంతి రాంగనే ఎన్కకి సూడబుద్ధయితుంది" అన్నాడు. "ఎవలో పిలిచినట్టే ఉంటది."

చాచా గోల్ స్తంభం పట్టుకుని నేల చూస్తున్నాడు. తిట్టడానికి నేను నోరు తెరిచాను. తిట్లు పడాల్సినవాడు నేనే కాబట్టి మూసుకున్నాను. బంతిని మళ్లీ వాడికే వేశాను. వాడు మళ్లీ నాకే ఇచ్చాడు.